పిచ్చమ్మ పిండిన పాలు

పిచ్చమ్మకు రెండో కాన్పులో పుట్టిన బిడ్డ ఏడవలేదు. తడి ఇసుకలో నీళ్లు ఇంకేటప్పుడు వచ్చే చప్పుడులా సన్నగా మూలిగింది, అంతే. ఎనిమిదో నెలలోనే వచ్చేసిన ఆడపిల్ల. తల అరచేతిలో పట్టేది. వేళ్లకు గోళ్లు ఇంకా పూర్తిగా రాలేదు. అది అరవై రెండో సంవత్సరం వేసవి. కృష్ణపట్నానికి దిగువన, కాలవకూ సముద్రానికీ నడుమ ఉన్న పల్లెలో తాటాకు గుడిసె వాళ్లది.

రొమ్ము నోటికందిస్తే బిడ్డ పెదాలు కదపలేదు. చూసిన ఆడవాళ్లందరూ బయటికొచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. పిచ్చమ్మ మగడు ముత్యాలయ్య ఆ రోజు తెప్ప మీద వేటకు పోలేదు. గుడిసె ముందు కూర్చుని, చిరగని వలను కుడుతూనే ఉన్నాడు.

నిరుడు జరిగింది అందరికీ గుర్తుంది. మొదటివాడు మగపిల్లవాడు. పుట్టగానే రొమ్ము పట్టి, కళ్లు మూసుకుని, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు తాగాడు. పురిటిస్నానం కాకముందే జ్వరమొచ్చి పోయాడు. ఒడ్డున ఇసుకలో పూడ్చారు. బిడ్డ పోయిన సంగతి పాలకు తెలియదు. రొమ్ములు రాళ్లై గడ్డలు కట్టి, పిచ్చమ్మ ఒళ్లు తెలియని జ్వరంలో పడింది. అత్త మాలకొండమ్మ మల్లెపూలు తెచ్చి రొమ్ముల మీద పరిచి, గుడ్డతో బిగించి కట్టాకే ఆ పోటు తగ్గింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు ఆ పల్లెల్లో అదే మందు. మల్లెలు పాలను వెనక్కి పంపేస్తాయి.

అందుకే ఈసారి మాలకొండమ్మ ముందే బయలుదేరింది. ఎండలో తోటపల్లి గూడూరు దాకా నడిచి, తడిగుడ్డలో మల్లెమొగ్గలు మూటగట్టుకొచ్చింది.

"బిడ్డ ఇంకా ఉండాది గదత్తా," అంది పిచ్చమ్మ.

"ఉండాదిలే. రేపు నువ్వు కూడా ఉండాల గదా."

అది కఠినంగా అన్న మాట కాదు. కోడలి బాధ మళ్లీ చూడలేని మనిషి మాట. బిడ్డ పోతుందని పిచ్చమ్మ కూడా నమ్మింది. చేతులెత్తి కట్టు కట్టించుకుంది. చావు కోసం కాచుకున్న గుడిసె నిండా పెళ్లింటి వాసన.

తెల్లారింది. బిడ్డ ఉంది. పొద్దు గూకింది. బిడ్డ ఉంది. నీళ్లలో ముంచిన గుడ్డతో పెదాలు తడిపితే నాలుక చివర కదిలింది. అప్పుడు పిచ్చమ్మ కట్టు విప్పేసింది. వాడిన పూలు ఒళ్లో రాలాయి. పాలు పొంగాల్సిన వేళకు రొమ్ములు ఆటుకు నీళ్లు తీసిన కాలవలా మెత్తగా, ఖాళీగా ఉన్నాయి.

కాలవ పక్క పల్లెలకు పడవలో తిరిగే నర్సు కరుణాకుమారిని ముత్యాలయ్య వెతికి తీసుకొచ్చాడు. ఆమె బిడ్డను చూసింది, తల్లిని చూసింది, మూలనున్న పూలను చూసింది. బిడ్డకు చీకే బలం వచ్చేదాకా పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలని, గిన్నెను ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి తీయాలని, చుక్క రాకపోయినా పిండుతూనే ఉంటే పాలు తిరిగొస్తాయని చెప్పింది.

పిచ్చమ్మకు తెలిసింది మేకను పిండడమే. మొనను పట్టి కిందికి లాగింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి గాని గిన్నెలో చుక్క పడలేదు.

"లాగబాకమ్మే, అది పొదుగు కాదు," అంది కరుణాకుమారి, తన వేళ్లను ఆమె వేళ్ల మీద ఉంచి. "నల్లటి వలయం అంచున బొటనవేలు పైన పెట్టు, తక్కిన వేళ్లు కింద. ముందు ఎదకేసి నొక్కు. ఆనక వేళ్లు దగ్గరికి తెచ్చి అదిమి వదులు. తొందరపడబాక. పాలు బెదురుతాయి."

"పాలు గూడా బెదురుతాయంట," అంది మాలకొండమ్మ మూల నుంచి.

"నీ గొంతు వింటే బెదరవా పెద్దమ్మా?"

ఆ కాన్పు తర్వాత పిచ్చమ్మ నవ్వింది అప్పుడే. నవ్వులో వేళ్లు వదులయ్యాయి. మొన మీద ఒక చుక్క పుట్టి, జారాలా వద్దా అని కాసేపు ఆలోచించి, గిన్నెలో పడింది.

అక్కణ్ణుంచి ఆమె బతుకంతా ఆ వేళ్లలోకి వచ్చేసింది. చేపలు అమ్మడానికి పోవడం మానుకుంది. చేతులు బూడిదతో తోముకోవడం, కూర్చోవడం, పిండడం, గిన్నె మూతి బిడ్డ కింది పెదవికి ఆనించి గుటక కోసం కాచుకోవడం. చుక్కలు ధారలయ్యాయి. మాలకొండమ్మ అడక్కుండానే పొయ్యి ఊది నీళ్లు మరిగించేది. కోడలు రవిక విప్పగానే ముఖం అటు తిప్పుకునేది.

బిడ్డకు పెంచలమ్మ అని పేరు పెట్టారు. బుగ్గలు వచ్చాయి. పల్లెలో ఆడవాళ్లు పిల్లకు తల్లి నువ్వా, గిన్నెనా అని ఎగతాళి చేస్తే పిచ్చమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వేది. బిడ్డ రొమ్ము పట్టే రోజు ఎంతో దూరంలో లేదని ఆమె ధైర్యం.

ఆ రోజు రానే వచ్చింది. నర్సు చెప్పినట్టు బిడ్డను రొమ్ముకు ఆనించింది. పెంచలమ్మ వెన్ను విల్లులా వంచి ఏడ్చింది. గిన్నె కనబడగానే పిట్టపిల్లలా నోరు తెరిచింది. ఆకలి మీద పట్టి చూశారు, నిద్రమత్తులో పట్టి చూశారు. చివరికి కరుణాకుమారి, బతికింది గదా పిచ్చమ్మా, అదే పదివేలు అంది. అవునంది పిచ్చమ్మ. ఆ దిగులు చెప్పుకోవడానికి నోరెక్కడిది? తనను ఎరిగిన నోరు ఇసుకలో ఉంది. బతికిన నోరు తనను ఎరగదు.

"ఆ పూలు నేను తేకుండా ఉండుంటే," అంది ఒకనాడు మాలకొండమ్మ, పొయ్యి వైపు చూస్తూ.

"నేను కట్టించుకోకుండా ఉండుంటే," అంది పిచ్చమ్మ.

మళ్లీ ఆ మాట ఆ ఇంట్లో రాలేదు. తర్వాతి ఏళ్లలో బిడ్డ పాలు పట్టడం లేదని ఏ గుడిసె నుంచి కబురొచ్చినా పిచ్చమ్మే వెళ్లి వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించేది. పూలు కట్టినారా అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

అదంతా తర్వాతి సంగతి. పెంచలమ్మ గంజి తాగడం నేర్చాక పాలు వాటంతటవే తగ్గిపోసాగాయి. ఒక మధ్యాహ్నం బిడ్డ సరుగుడు చెట్టు కింద చాప మీద నిద్రపోతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. పిచ్చమ్మ పక్కన ఒత్తిగిలి, రొమ్మును ఆ చిన్న పెదాలకు తాకించి, మెల్లగా అదిమింది. పెదాలు మూసుకునే ఉన్నాయి. పాలు నోటి చివర నిలిచి, బుగ్గ మీదుగా మెడ మడతలోకి జారాయి. బిడ్డ నిద్రలోనే పిడికిలితో మూతి తుడుచుకుని అటు తిరిగి పడుకుంది.

చీమలు పడతాయని పిచ్చమ్మ కొంగుతో ఆ మెడ తుడిచింది. పైట సర్దుకుంది. ఒడ్డుకు తెప్పలొస్తున్న కేకలు వినబడితే లేచి వెళ్లింది.