గంపెడు ఎర్రపొట్టాకు

మా చిన్నతనంలో సుల్తాన్‌పూర్ బండల మీదికి మేకలూ, వాటి వెనక నేనూ తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు... ఒక వానాకాలం మాత్రం ప్యాంటు వేసుకున్న ఒకాయన ఎక్కాడు. బండ మీద బోర్లా పడుకుని గడ్డిని చూస్తున్నాడు.

పట్నం కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే సారట. దొరికిన ప్రతి మొక్కనూ పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ తోలుపట్టీతో బిగించేవాడు. ఎండాక చీటీ అంటించి అది ఏ జాతిదో రాసిపెడతాడట. మేము ఆకుల సారు అనేవాళ్లం.

బండ మీద వాన నీళ్లు నిలిచే గుంట ఒకటుండేది. దాని అంచున జానెడైనా లేని మొక్కలు రెండు రకాలు మొలిచేవి. రెండింటికీ అవే సన్నని ఆకులు, అదే ఊదా పువ్వు. సారు రెండింటినీ ఒకే పేపర్లో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"గవి రెండు ఒక్కటి గాదు సారూ. ఇది ఎర్రపొట్టాకు. తిప్పి సూడు, అడుగున ఎర్రగుంటది. దీన్ని మ్యాక ముట్టది."

"ఎండకు కొన్ని ఎర్రబడతాయమ్మా. రెండూ ఒకటే" అని నవ్వాడు.

"ఇరవై మ్యాకలున్నయ్ నా కాడ. ఒక్కదానితోనన్న తినిపియ్యి, జూస్త!"

నిజంగానే తినిపించబోయాడు... మేక మూతి తిప్పుకుంది. ఆయన నవ్వు ఆగింది.

"వచ్చే వారం వస్తాను. వేరుతో, పువ్వుతో తీసిపెట్టు. అప్పుడు తేలుస్తాను."

బడి మొహం చూడని పిల్లను. పట్నం సారు నా మాట తేలుస్తానన్నాడు. ఆ వారమంతా నేను నేల మీద లేను.

మా ఇంట్లో ఎవరు గోంగూర అడిగినా, చింతచిగురు అడిగినా పిడికెడు ఇచ్చే అలవాటు లేదు. ఇస్తే ఒడి నిండాలి. విషయం చెప్పగానే అమ్మ గుర్రుమంది.

"గంత పెద్దమనిషి అడిగితే రెండు పోచలిస్తవానే? సిగ్గు గాదూ? గంప దీస్కపో!"

తీసుకుపోయాను. గుంట చుట్టూ మోకాళ్ల మీద తిరిగాను. నానిన మన్ను... మొక్కలు వేర్లతో సహా మెత్తగా వచ్చేశాయి.

సారు గంపలోకి చూశాడు. "అక్కడ ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటి గూడ ఇడ్వలే సారూ!"

ఎంత గర్వంగా చెప్పానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన బండ మీద కూర్చుండిపోయాడు. ఒక పువ్వును సూదితో విప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"నువ్వన్నదే నిజం. ఇవి వేరు. ఇది ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు లేదు" అన్నాడు. నేను ఎగిరాను. ఆయన ఎగరలేదు. "ఇంకెక్కడైనా మొలుస్తుందా?" అని అడిగాడు.

"గీ గుంట కాడనే సారూ."

తిట్టలేదు. నా పేరు అడిగి చీటీ మీద ఏదో రాశాడు. ఏం రాశాడో నాకు తెలియదు... చదవడం రాదుగా.

మరుసటి వానాకాలం ఇద్దరం ఆ గుంట దగ్గర కూర్చున్నాం. మేకలు తినే మొక్క మొలిచింది. ఎర్రపొట్టాకు మొలవలేదు. అది ఏ ఏటికాయేడు గింజ రాలి మొలిచేదట. గింజ పట్టకముందే నేను పీకేశాను. ఆ పై ఏడాది కూడా వచ్చి చూశాడు. తర్వాత రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. తిమ్మిరెక్కిన కాలు మీద చెయ్యేస్తే ఎట్లుంటుందో, ఆ గుంట తలుచుకుంటే అట్లుంటుంది.

తర్వాత ఆ బండ చుట్టూ ఫ్యాక్టరీ గోడ లేచింది. బండ పగలగొట్టి షెడ్డు వేశారు. నేను చెబుతుంటే ఇది ఫోన్‌లో రాస్తున్న మనవరాలు ఇక్కడ ఆగింది.

"ఆ మొక్కను ఫ్యాక్టరే మింగిందని రాస్తనే అమ్మమ్మా. అందరు గట్లనే అనుకుంటరు."

"రాయకు. కంపెనీ మీద నా కోపం నాకుంది, గది వేరే. గోడ లేసేనాటికి ఆడ మింగనీకె ఏం లేదు. నా చేతులతోని పీకిన. గట్లనే రాయి."

రాసింది.

ఇప్పుడు మా దిక్కు బండలే కరువయ్యాయి... మీ దిక్కు ఉంటే, వానలు పడ్డాక ఒకసారి ఎక్కి గుంటల అంచున చూడండి. ఊదా పువ్వు కనిపిస్తే వంగి ఆకు తిప్పండి. అడుగున ఎర్రగా ఉంటే నాకు కబురు చెయ్యండి.

పీకి తేవద్దు. నేనే వచ్చి చూస్తాను.