నొప్పి లేని నడుము

మా అమ్మమ్మ జెల్లా ఉద్యోగం జబ్బు పడటం. వారానికి మూడు రోజులు కొండ దిగి వైద్య కళాశాలకు వెళ్ళి, విద్యార్థులు రోగిని చూడటం నేర్చుకోవడానికి పంతుళ్ళు చెప్పిన కథ ప్రకారం బల్ల మీద పడుకుని మూలిగేది. ఒకరోజు గుండెపోటు, ఒకరోజు కడుపులో రాళ్ళు. కథకు బలం కావాలని అప్పుడప్పుడు తాతయ్యను చంపేసేది. చిక్కుడు గింజలు కొనుక్కుంటున్న తాతయ్యను అంగట్లో చూసి ఒక విద్యార్థి బిక్కచచ్చిపోయాడట.

అది ఆస్టియోపతి కళాశాల. మందులూ కోతలూ అందరిలాగే నేర్పుతారు. దాంతోపాటు వెన్నూ కండరాలూ చేత్తో తడిమి, పట్టేసిన చోటు కనిపెట్టి సర్దడం కూడా. మా కెంటకీ లోయలో బొగ్గు గనులు మూతపడ్డాక కొత్తగా తెరిచింది అదొక్కటే. దానికింకా తాత్కాలిక గుర్తింపే. మొదటి జట్టు చదువు ముగించే ఏడు గుర్తింపు సంఘం వాళ్ళు వచ్చి పాఠాలూ, పంతుళ్ళూ, ఆసుపత్రులూ చూసి వెళ్తేనే పూర్తి గుర్తింపు. అది రాకపోతే ఆ పిల్లలు డాక్టర్లు కాలేరు. వాళ్ళలో ఒకమ్మాయి టాబిథ, అమ్మమ్మ మేడ మీద గదిలో ఉండేది. అమ్మమ్మ అప్పటికే ఊరంతా "నా డాక్టరు" అని చెప్పేసుకుంది.

తనిఖీకి ముందురోజు ప్రిన్సిపాల్ ప్రెంటిస్ ఇంటికొచ్చాడు.

"జెల్లా గారూ, రేపు వాళ్ళ ముందు టాబిథ మీ నడుము చూస్తుంది. మీ నడుము నొప్పి ఎప్పట్లాగే ఉంది కదా?"

"ముప్పై ఏళ్ళుగా ఉంది. రేపెక్కడికి పోతుంది?"

ఆయన వెళ్ళాక పొయ్యిలోంచి మొక్కజొన్న రొట్టె తీయడానికి వంగింది. నొప్పి లేదు. మళ్ళీ వంగింది. లేదు. నాలుగేళ్ళపాటు పిల్లలంతా నొక్కి నొక్కి ఉన్నదంతా పోగొట్టేశారు. ఆరోగ్యం చూసి అంత కంగారుపడ్డ మనిషి మా లోయలో ఇంకొకరు లేరు.

పెరట్లో కట్టెలన్నీ మోసుకొచ్చి వసారాలో పేర్చడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు తాతయ్య.

"నొప్పి తెచ్చుకుంటున్నా."

"నన్నడిగితే నాది ఇచ్చేవాణ్ణిగా."

తెల్లారేసరికి చలికాలానికి కట్టెలు సిద్ధం. నొప్పి మాత్రం రాలేదు.

తనిఖీ వాళ్ళు సొంత నీళ్ళ సీసాలు తెచ్చుకున్నారు. అమ్మమ్మ ఆపిల్ పొరల కేకు ముందు పెట్టింది.

"క్షమించండి, మేం ఏదీ పుచ్చుకోకూడదు" అంది వాళ్ళలో నెరిసిన జుట్టావిడ.

"పుచ్చుకోవద్దు, తినండి."

"తినకూడదు కూడా."

కళాశాల పని అయిపోయిందనుకుంది అమ్మమ్మ.

బల్ల మీద బోర్లా పడుకుని మూలిగింది. టాబిథ వేళ్ళు వెన్ను వెంట కిందికి వెళ్ళాయి, పైకొచ్చాయి, ఆగాయి.

"ఇక్కడ నొప్పా?"

"ప్రాణం పోతోంది. పైగా మా ఆయన ఈమధ్యే పోయాడు."

"మీ నడుము ఎక్కడా పట్టెయ్యలేదు, అమ్మమ్మా."

"సరిగ్గా చూడు పిల్లా."

"చూశాను."

"నొప్పి నాదా, నీదా?"

"మీకు నొప్పుందంటే నమ్ముతాను. నా చేతికి తగలనిది తగిలిందని మాత్రం చెప్పలేను. సర్దడానికేం లేదు కాబట్టి సర్దను. నొప్పి ఎక్కణ్ణుంచో వేరేగా వెతకాలి."

నెరిసిన జుట్టావిడ లేచి, అమ్మమ్మను అడిగి, తన చేతులు వేసి చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ కనబడలేదు. వెళ్ళి కూర్చుని ఏదో రాసుకుంది.

ఇంటికొస్తుంటే కారులో అమ్మమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఒక్క అబద్ధం ఆడితే నీ చేతులు ఊడిపోయేవా?"

"వాళ్ళూ ఈ చదువు చదివినవాళ్ళే. వాళ్ళ చేతులకీ తెలుస్తుంది."

"ఆ ముక్క నిన్నే చెబితే కట్టెలు మోసేదాన్ని కాదు."

వచ్చినవాళ్ళు చూసింది చెప్పి వెళ్ళారు. గుర్తింపు ఇచ్చేదీ మానేదీ సంఘం వసంతంలో తేలుస్తుంది. చలికాలమంతా అమ్మమ్మ ఆ కట్టెలు కాలుస్తూ, తన నడుము వల్లే పిల్ల చదువు పోయిందని తాతయ్యను తిట్టింది.

పూర్తి గుర్తింపు వచ్చింది. కేకు కోసి పంచుతుంటే ప్రెంటిస్ సంగతి చెప్పాడు. విద్యార్థులు చేతికి తగిలిందే చెబుతున్నారని సంఘం మెచ్చుకుందట. ఒక్క లోపం మాత్రం చూపించిందట. నేర్చుకోవడానికి పెట్టిన నడుములు మరీ బాగున్నాయి, కొత్తవి చేర్చుకోవాలని.

అలా టాబిథ డాక్టరయింది, అమ్మమ్మ ఉద్యోగం పోయింది. ఆ బల్ల మీద ఇప్పుడు తాతయ్య పడుకుంటున్నాడు. మొదటిరోజే తన భార్య పోయిందని చెప్పాడట.