ఉప్పేస్తే పల్చబడిన సబ్బు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అంటారు. అంటే అననీ. పాలు పోయించుకునేటప్పుడు గిన్నెలోకి తొంగి చూస్తాను, కూరగాయల తక్కెడ కిందికి వంగి చూస్తాను. అలాంటిదాన్ని, గిన్నెలు తోమే సబ్బు విషయంలో మా వదినను అనుమానించకుండా ఎలా ఉంటాను?

వదిన అంటే మా ఆయన అక్క. ఆమెది జమ్మలమడుగు, మాది పులివెందుల. ఇద్దరం ఒకే కొట్లో నురుగొచ్చే జిగురు ముద్ద కొని, ఎవరింట్లో వాళ్లం నీళ్లలో కలిపి, చివర ఉప్పు వేసి లిక్విడ్ సోపు చేసేవాళ్లం. ప్రొద్దుటూరులో ఒక హోటల్ ఇద్దరి దగ్గరా చెరో డబ్బా తీసుకునేది. నాకున్న పెద్ద బేరం అదొక్కటే.

ఆమెకు ఈ పని నేర్పింది నేనే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను మరి. సబ్బు అణువులు నీళ్లలో తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని చిన్న చిన్న ఉండలుగా గుమిగూడతాయి. వాటిని మైసెల్స్ అంటారు. ఆ తలలకు ఒకదానితో ఒకటి పడదు, ఎడంగా జరుగుతుంటాయి. ఉప్పు వేస్తే ఆ పోరు తగ్గి దగ్గరగా సర్దుకుంటాయి. ఉండలు కాస్తా సాగి, సేమ్యాల్లాగా పొడుగై, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. సబ్బు చిక్కబడేది అందుకే.

ఇంత తెలిసిన నా సబ్బు నీళ్లలా కారుతుంటే ఆమెది తేనెలా దిగేది. హోటలాయన ఊరుకుంటాడా? "ఏందమ్మా ఇది, శానా పల్చగుండాది. మీ వదినమ్మది చూడు ఎట్లుందో. మళ్లీ ఇట్లే తెస్తే తీసుకోను" అన్నాడు.

నాకు చెప్పకుండా ఆమె ఏదో కలుపుతోందని గట్టిగా అనిపించింది. చూసిపోదామని వచ్చినట్టు జమ్మలమడుగు బస్సెక్కాను. ఆమె కలుపుతున్నంతసేపూ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. వంటింట్లోకి వెళ్తే వెనకాలే వెళ్లాను. నేను చెప్పిన ముద్దే, నేను చెప్పినంత ఉప్పే. నేనున్నానని జాగ్రత్తపడింది అనుకున్నాను.

ఇంటికొచ్చి ఇంకాస్త ఉప్పు వేశాను. మరింత పల్చబడింది. ఒళ్లు మండి ఇంకో గుప్పెడు వేశాను. ఉన్న చిక్కదనం కూడా పోయింది.

తర్వాత ఒకరోజు బోరు మోటారు కాలిపోతే, తాగే నీళ్ల క్యాను వంచి, మొదట వేసినంత ఉప్పే వేసి కలిపాను. అచ్చం వదిన సబ్బులా చిక్కగా వచ్చింది. అప్పుడు తట్టింది. మా బోరు నీళ్లే ఉప్పన, వాటి మీద నేను మళ్లీ ఉప్పు! హద్దు దాటితే ఆ పొడుగాటి పోగులు పట్టు విడిచి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. వదిన ఇంటి తీయటి నీళ్లకు ఆ తిప్పలు లేవు. మోటారు బాగయ్యాక అవే బోరు నీళ్లతో ఉప్పు బాగా తగ్గించి చేస్తే, చిక్కగానే వచ్చింది.

సంతోషం పట్టలేక వదినకు ఫోన్ చేశాను. ఆమెను అనుమానించిన సంగతి కూడా నవ్వుతూ చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"నేనూ నిన్ను అనుకుంటి మే. ముద్ద తక్కువేసి మిగిలించుకుంటాండావని. హోటలాయన అడిగితే అదే చెప్తి" అంది.

నా అనుమానం హోటలాయన దాకా పోలేదు కదా! మండిపడుతూ కొత్త డబ్బా తీసుకుని ప్రొద్దుటూరు పోయాను. హోటలాయన డబ్బా వంచి చూశాడు, వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"ఉన్నట్టుండి ఇంత చిక్కగా ఎట్లొచ్చెనమ్మా?"

"ఉప్పు తగ్గించినానన్నా."

"తగ్గిస్తే చిక్కబడుతుందా? యాడన్నా ఉందా?" అని డబ్బాను నావైపు జరిపాడు.

బస్టాండు నుంచే వదినకు మళ్లీ ఫోన్ చేశాను. "ఆయనతో చెప్పిన మాట తప్పని నువ్వే వచ్చి చెప్పు వదినా. నా మాట నమ్మడంలేదు" అన్నాను. ఏడుపొచ్చింది కూడా.

"చూస్తాం లే మే" అంది.

చూస్తూనే ఉంది. ఆ హోటల్‌కు ఇప్పుడు రెండు డబ్బాలూ ఆమే ఇస్తోంది.