గాయంలో కూరిన దూది

ఆదోని జిన్నింగు మిల్లులో ఓబన్న మేస్త్రీ మాటకు ముప్పై రెండేళ్లుగా తిరుగు లేదు. చదివింది పల్లెబడిలో ఐదో తరగతే. అయినా గుప్పెడు పత్తి పట్టుకుంటే చాలు, తేమ ఎంతో, పింజ పొడవెంతో చెప్పేవాడు. మిషన్లో వేళ్లు తెగిన కూలీలకు కట్టు కట్టేదీ ఆయనే. అప్పుడే గింజ తీసిన దూది గాయంలో అదిమి గుడ్డ చుట్టడం మిల్లు పద్ధతి.

భార్య దేవక్క కాలికి కొడవలి తెగినప్పుడూ అదే చేశాడు. ఐదో రోజుకు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది, మాట తడబడింది. ఆదోని ఆసుపత్రిలో చూసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు.

"నెత్తురంతా విషమెక్కిందప్పా. యాంటీబయాటిక్ క్రిముల్ని చంపుతుంది. ఆ క్రిముల మీద కోపంతో ఆమె ఒళ్లు తన్ను తానే పాడుచేసుకుంటోంది. ఆ కోపాన్ని తగ్గించడానికి మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, కూడా ఎక్కించి చూద్దామనుకుంటున్నాం. ఇంకా పరిశోధనే. మాటివ్వలేను," అంది డాక్టర్ అనూరాధ.

"ఆ కణాలు ఎవురివమ్మా?"

"దానమిచ్చినవాళ్లవి."

"యా ఊరోళ్లు?"

"అది చెప్పరు. ముందు ఇది చెప్పండి, గాయంలో ఏమన్నా పెట్టినారా? లోపల మిగిలుంటే ఏ మందూ నిలబడదు."

"ఏం లేదు. గుడ్డ కట్టినా."

కొడుకు మారుతి తండ్రి వైపు చూశాడు. "సెప్పు నాయనా."

"నువ్వు మూసుకోరా. నూరుమందికి కట్టినా. ఒక్కనికి సీము పట్టలే."

"కట్టినావులే. అమ్మ లోపలుండాది."

ఓబన్న గోడ వైపు తిరిగాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు, "దూది. మిల్లుది. లోపలికి కూరినా," అన్నాడు.

డాక్టరు తిట్టలేదు, రాసుకుంది. ఆపరేషన్‌కూ కణాలకూ ఒప్పుకుంటూ ఓబన్న కాగితం మీద పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. కాలి గాయాన్ని మళ్లీ తెరిచి, దూది తీసి శుభ్రం చేశారు. సాయంత్రం సెలైను పక్కన ఆ కణాలున్న చిన్న సంచి వేలాడదీశారు. ఓబన్న ఐసీయూ తలుపు అద్దంలోంచి చూశాడు. భయమూ కలగలేదు, ఆశా కలగలేదు.

కణాలు ఎక్కించిన ఆరో రోజు దేవక్క కళ్లు తెరిచింది. మందు పనిచేసిందో, కణాలు పనిచేశాయో ఒక్క రోగిని చూసి చెప్పలేమంది డాక్టరు. మారుతి ఏడ్చాడు.

"ఏమంటివి డాక్టరమ్మతో?" దేవక్క గొంతు గాలిలా ఉంది.

"నేనే పెట్టినానంటిని."

"నువ్వు తప్పు ఒప్పుకునేకి నేను ఇంత దూరం రావాల్సొచ్చె."

ఆమె కళ్లు మూసుకుంది. నర్సు బయటికి పొమ్మనేదాకా ఓబన్న అక్కడే నిలబడి ఉన్నాడు.