మొదటి దొప్ప నాది

మొన్న మా మనవరాలు తనకు ఉద్యోగం దొరికిన సంతోషంలో నన్ను కొండాపూర్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటలుకు తీసుకుపోయింది. నాలుగో అంతస్తు, చుట్టూ అద్దాలు, నడుమ ప్లాస్టిక్ ఈతచెట్లు. తన కోసం ఏదో తెప్పించుకుంది. పొడుగాటి గ్లాసులో దంచిన పుదీనా, నిమ్మచెక్కలు, ఐసుముక్కలు, అడుగు నుంచి పైకి పరిగెత్తే సోడా బుడగలు. గ్లాసు బల్ల మీద పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగిలి నా లోపల ఎక్కడో చురుక్కుమంది. ఈ వయసులో చురుక్కుమనేవి చాలానే ఉంటాయి గానీ ఇది మోకాలి నొప్పి కాదు, కడుపుమంట. మొగుడు పోయి ముండమోసినదానికి ఇంకా ఎవరి మీద కడుపుమంట అంటారా, అదే చెబుతాను. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నాకు బస్సు మీది పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు.

ఆ హోటలు ఉన్నచోట ఒకప్పుడు ఈతవనం ఉండేది. నా ఈడు వాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, అక్కడి నుంచి హఫీజ్‌పేట్ స్టేషను దాకా రాళ్ళగుట్టలు, ఈతచెట్లు, నడుమ నడుమ జొన్నచేలు తప్ప మేడలు లేవు. మా ఆయన ఆ చెట్లు గీసి కల్లు దించేవాడు. తెల్లవారుజామున నడుముకు మోకుతాడు కట్టుకుని చెట్టెక్కి, ఎండ తగలని తియ్యటి కల్లు దించుకొచ్చి, మా గీతవాళ్ళ దేవుడు కాటమయ్యను తలుచుకుని, పోయిన పెద్దలను తలుచుకుని, వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద వదిలేవాడు. మా వాళ్ళు దాన్ని సాక పోయడం అంటారు. చుక్క పడీ పడగానే మట్టి పీల్చుకునేది, అక్కడ తడి మచ్చ ఒకటే మిగిలేది. దేవుడి వంతు అయ్యాక మోదుగాకు దొప్పలో మొదటి కల్లు నా చేతికి ఇచ్చేవాడు. కన్నతల్లికి కూడా నా తర్వాతే. మా అత్త దానికి మూతి తిప్పని పొద్దు లేదు.

"దేవుని ఎనుక, తల్లికి ముంగట. మంచి జాగనే ఇచ్చినవు రా నీ పెండ్లానికి" అనేది.

తక్కిన ఆడవాళ్ళకు పట్టుచీరలు ఉండేవి, ముక్కుపుడకలు ఉండేవి. నాకు ఆ దొప్ప ఉండేది. ఎవరన్నా తమ మొగుడు ఏం తెచ్చాడో చెప్పుకుంటుంటే నేను మాట్లాడకుండా కూర్చునేదాన్ని, నాకున్నది వాళ్ళకు లేదు కదా అని.

తర్వాత హైటెక్ సిటీ వచ్చింది. బండలు పేల్చే మోతకు మా ఇంటి రేకులు గడగడలాడేవి. ఒక ఎండాకాలంలో యంత్రాలు వచ్చి ఈతవనాన్ని మొదళ్ళతో సహా పెకిలించుకుపోయాయి. మా ఆయన మోకు తెచ్చి గోడకు తగిలించి, దాని కిందనే కూర్చునేవాడు. పలకరిస్తే ఊ, లేకపోతే ఆ. నేను తిట్టి చూశాను, బతిమాలి చూశాను, చేపల పులుసు పెట్టి చూశాను. మనిషిలో కదలిక లేదు. చివరికి తెలిసిన మేస్త్రీ ఒకాయన కొండాపూర్‌లో ఒక గెస్ట్ హౌసులో పైపనికి పెట్టించాడు. ఆ గుండ్రటి అద్దాల మేడలు కట్టడానికి వచ్చిన పైదేశాల ఇంజనీర్లు అందులో దిగేవాళ్ళు.

అక్కడికి మారిషస్ అనే దీవి నుంచి ఒక ఇంజనీరు తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెది మన రంగే, మన ముఖమే. తాతల నాడు చెరకు నరకడానికి ఓడలో ఎక్కించి తీసుకుపోయిన తెలుగువాళ్ళ సంతతి. మెడ దాకా కత్తిరించిన జుట్టు, పువ్వుల గౌను, నవ్వితే చెంపన సొట్ట. ఈ సొట్ట సంగతి మా ఆయన చెప్పలేదు, నేనే తర్వాత చూశాను. చూసిన రోజు అన్నం తినలేదు.

మా ఆయన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. నేను నెలల తరబడి తెప్పించలేని నవ్వు పని నుంచి ఇంటికి నడిచొచ్చింది! అన్నం ముందు కూర్చుంటే ఆ దీవి ముచ్చట్లే. చెరకు పులియబెట్టి రమ్ము తీస్తారట, దాంట్లో పుదీనా, నిమ్మ, చక్కెర వేసి దంచుతారట, అనాసరసం కొబ్బరిపాలతో కలిపి నురగ వచ్చేలా ఊపుతారట, తాగని వాళ్ళకు పాలల్లో సబ్జాగింజలు, గులాబీ నీళ్ళు వేసి అలూడా అని చల్లగా ఇస్తారట. ప్రతి 'అట'కూ నేను గరిటె గిన్నెకేసి కొట్టేదాన్ని. ఆయనకు వినపడేది కాదు. చివరికి ఆ గెస్ట్ హౌసులోనే గిన్నెలు తోమే పని అడిగి మరీ చేరాను. గిన్నెల మీద ప్రేమతో కాదని మీకు వేరే చెప్పాలా.

శనివారం సాయంత్రాలు పచ్చిక మీద కుర్చీలు వేసుకుని అందరూ కూర్చునేవాళ్ళు. ఆమె కలుపుతుంటే మా ఆయన నిమ్మకాయలు పిండి అందించేవాడు. నేను చేరిన వారమే ఆమె ఒక గ్లాసు ఆయన చేతికిచ్చి రుచి చూడమంది. ఈయన అలవాటు చొప్పున వేలు ముంచి చుక్కలు కిందికి విదిల్చాడు. అవి పోయి పోయి ఇంజనీరుగారి తెల్ల బూట్ల మీద పడ్డాయి. అందరూ బిగుసుకుపోయారు. వంటింటి గుమ్మంలో నేనూ బిగుసుకుపోయాను, పని పోయినట్టేనని. లోపల సంతోషం కూడా వేసింది, పోతే ఇద్దరం కలిసి ఇంటికి పోవచ్చని. అప్పుడామె నవ్వింది. సొట్ట పడింది. తన గ్లాసులో వేలు ముంచి తనూ పచ్చిక మీద మూడు చుక్కలు విదిల్చింది. భజన పుస్తకం చదువుతున్నట్టు ఒక్కొక్క మాట కూడదీసుకుని అంది.

"మా తాత కూడా ఇలాగే చేసేవాడు. మొదట భూమికి. తర్వాత మనకు."

మా ఆయన ముఖం చూడాలి! తప్పిపోయిన చుట్టం ఎదురుపడినట్టు వెలిగిపోయింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఉంటే నేను ఓర్చుకునేదాన్నేమో, నలుగురిలో జుట్టు పట్టుకుని గుంజి మంట చల్లార్చుకునేదాన్ని. సాకను ఏం పట్టుకుని గుంజను? అది నాది అనుకున్నాను. ఆయన వేలికి, నేలకు, నా దొప్పకు నడుమ ఇంకెవరూ రారనుకున్నాను. ఆనాటి నుంచి శనివారం శనివారం ఈయన సాక పోసి మొదటి గ్లాసు ఆమె చేతికి ఇచ్చేవాడు. కలిపిన అమ్మగారికి కాక ఇంకెవరికిస్తాడు అని మీరంటారు. నేనూ నాకు అట్లాగే చెప్పుకున్నాను, తోమే గ్లాసులో పుదీనా వాసన వచ్చేదాకా.

ఊరుకోలేకపోయాను. బాచుపల్లిలో మా తమ్ముడు అప్పటికింకా చెట్లు గీస్తున్నాడు. వాడి దగ్గర ఒక లొట్టి నిండా కల్లు పట్టుకొచ్చి, పుదీనా దంచి, నిమ్మకాయలు పిండి, బెల్లం కలిపి, మరమూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, ఆమె ఎట్లా ఊపుతుందో అట్లాగే చెవి పక్కన పెట్టుకుని ఊపాను. గీతవాళ్ళ ఇంటి కోడలినై ఉండీ అసూయలో ఒక్కటి మరిచిపోయాను. కల్లు ప్రాణమున్నది, ఊరికే ఉంచితేనే పొంగుతుంది, మూసి ఊపితే ఊరుకుంటుందా. చూద్దామని మర కొంచెం తిప్పానో లేదో, మూత ఎగిరి రేకులకు తగిలింది. నురగంతా పోయి బియ్యం ఏరుతున్న మా అత్త నెత్తిన పడింది. ఆమె కళ్ళు తుడుచుకుని, పెదాలు నాకి, కాసేపు ఆలోచించింది.

"పుదీన జర ఎక్కువైంది పిల్లా" అంది.

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాది, నా వల్ల వచ్చింది! డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి చూస్తున్నాను. అప్పుడన్నాడు చూడండి.

"ఆగు ఆగు, గిది రేపు అమ్మగారికి చెప్పాలె!"

డబ్బా నేలకేసి కొట్టాను. ఆ సొట్ట ఆ డబ్బాకు ఇప్పటికీ ఉంది. ఆమె చెంప సొట్టలాగా అందంగా లేదు.

మేడ పూర్తయింది, ఇంజనీరు పని అయిపోయింది. పోయే ముందు ఆమె మా ఇంటికి వచ్చి చాప మీద కూర్చుంది. వాళ్ళన్నకు సముద్రం ఒడ్డున హోటలు ఉందట, అక్కడ పానీయాలు కలిపే పనికి మా ఆయన్ను పిలుస్తారట. ఆయన వైపు చూడకుండా నన్నే అడిగింది.

"మీరు కూడా రండి అక్కా. మీరు ఒప్పుకుంటేనే."

మీరు! పుట్టినప్పటి నుంచి నన్ను మీరు అన్న మనిషి లేదు. ఆ మర్యాద కూడా ఆమె చేతి నుంచే అందాలా అని ఇంకా మండింది.

"ఆడ చెట్లెక్కుడు ఉన్నదా?" అన్నాను.

లేదంది, బల్ల వెనుక నిలబడి కలపాలట, పువ్వుల చొక్కా ఇస్తారట.

"నా మొగడు చెట్టెక్కెటోడమ్మా. బల్ల ఎనుక నిలవడెటోడు గాదు."

అప్పటికి ఆయన చెట్టెక్కి చాలా కాలమైంది. ఎక్కడానికి చెట్టూ లేదు. ఆయన గోడ మీది మోకు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మా ఇంటామె చెప్పిందే మాట" అన్నాడు.

నా మాటకు విలువిచ్చి అన్నాడో, ఇంకేం అనలేక అన్నాడో నాకు తెలియదు. అడగలేదు. నేనన్నది అన్నాను, ఆమె ఇప్పుడొచ్చి అడిగినా అదే అంటాను.

పోతూ పోతూ ఆమె ఒక గాజు జాడీ ఇచ్చింది. మనం ఆవకాయ ఊరేసినట్టు వాళ్ళు రమ్ములో అనాసముక్కలు, నారింజ తొక్కలు, దాల్చినచెక్క వేసి నెలల తరబడి ఊరబెడతారు, కావలసినవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు తీస్తారు. ఆయన దాన్ని అటక మీద దాచి దసరా నాడు తీశాడు. వాకిట్లో సాక పోశాడు. మోదుగాకులు ఎక్కడ వెతికి తెచ్చాడో, ఎప్పుడు కుట్టాడో, దొప్ప నింపుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చెట్లు పోయినప్పటి నుంచి నేను ఎదురుచూసింది ఆ దొప్ప కోసమే. కానీ అందులో ఉన్నది ఆమె ఊరేసింది.

"ఆమె చేతిది నాకొద్దు" అని ముఖం తిప్పుకున్నాను.

ఆయన దొప్ప పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మా అత్త చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా, నాకు ఎవ్వల చేతిదైనా నడుస్తది" అని గటగటా తాగి పెదాలు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆయన దొప్ప కుట్టలేదు. అపార్ట్‌మెంట్లు లేచాక ఒక గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుర్చీ వేసుకుని ఏళ్ళు గడిపాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. పోయేటప్పుడు కూడా నిశ్శబ్దంగానే పోయాడు. మోకు నా దగ్గరే ఉంది.

మొన్న ఆ హోటల్లో ఏమనిపించిందో, మనవరాలి గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఆ రోజు నేను ముఖం తిప్పుకున్న ఘాటు ఇట్లాంటిదే కాబోలు. బాగుంది, ఏం దాచాలి. మళ్ళీ వేలు ముంచి, ఆయన్ను తలుచుకుని, మూడు చుక్కలు కిందికి వదిలాను.

"ఏందమ్మమ్మా, అందరూ చూస్తుండ్రు!" అని మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

కిందికి చూశాను. నున్నటి బండ మీద ఆ మూడు చుక్కలు పూసల్లాగా అట్లాగే నిలబడి ఉన్నాయి. పీల్చుకునే మట్టి లేదు. కింద మూడు అంతస్తులు, దాని కింద కార్లు, ఆ కింద ఇంకెంత సిమెంటో. మా ఈతచెట్ల వేళ్ళు తాగిన నేల ఎక్కడో అడుగున పడి ఉంది. ఇంతలో హోటలు పిల్లవాడు వచ్చి, పర్వాలేదమ్మా అని, గుడ్డతో తుడుచుకుపోయాడు.

ఆమె కూడా ఇప్పుడు ముసలిదై ఉంటుంది. ఆ దీవిలో ఇంకా ఇసుక ఉండే ఉంటుంది, శనివారం సాయంత్రం వాకిట్లో నిలబడి, పోయినవాళ్ళందరికీ అని మూడు చుక్కలు వదులుతూ ఉంటుంది. పోయినవాళ్ళలో ఈయన కూడా ఉన్నాడని ఆమెకు తెలియకపోయినా నేలకు తెలుస్తుంది కదా. ఇసుక తాగుతుంది. ఆయనకు చేరుతుంది. నేను పోసింది గుడ్డలో పోయింది. ఆయన చేతికి అందే మొదటి దొప్ప ఇప్పటికీ ఆమెదే.