దావాలో లేని గోడ

మొన్న మా తమ్ముడి మనవరాలు, కొత్తగా లాయరైన పిల్ల, మా వరండాలో కూర్చుని ఎవరికో ఫోన్లో ధైర్యం చెబుతోంది. "దావాలో చిన్న సవరణే కదండీ, ఒక పిటిషన్ వేస్తే అయిపోతుంది." ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాఫీ అక్కడ పెట్టేసి లోపలికి వెళ్లిపోయాను. నలభై ఏళ్లు దాటినా కొన్ని కోపాలు చల్లారవు.

మా మేనత్తది చంద్రగిరి పక్కన పల్లె. మామ చిన్న వయసులోనే పోయాడు. ఆమెకు మిగిలింది ఇంటి వెనక కనకాంబరాల తోట, మరిది పొలంలో ఉన్న ఉమ్మడి బావిలో సగం హక్కు. బావికి పోయే దారి, నీళ్లొచ్చే కాలవ మరిది పొలం గుండానే పోతాయి. తెల్లవారకముందే పూలు కోసి, బుట్టలో తడిగుడ్డ కప్పి, మొదటి బస్సులో తిరుపతికి తెచ్చేది. అప్పుడు నేను తిరుపతిలో ఆడపిల్లల బడిలో టీచర్ని. పూలన్నీ అమ్ముడుపోయాక నా గదికొచ్చి, నేను చేసిన ఉప్మాకు వంకలు పెడుతూ మొత్తం తినేది. ఆమె వచ్చివెళ్లాక కూడా గదిలో తడి ఆకుల వాసన ఉండేది.

డెబ్బయ్యో దశకం చివర్లో మరిదికి ఆ తోట మీద కన్ను పడింది. మనిషి చూడ్డానికి మహా భక్తుడు. నామం చెదరదు, అబద్ధం ఆగదు. "దారి మూసేస్తా, యాడికి పోతావో పో" అన్నాడు. అత్త కోర్టుకెక్కింది. దారికి, కాలవకు అతను అడ్డం రాకూడదని దావా. ఏ ఊరి కోర్టో చెప్పను. మా లాయరు మంచివాడే, కానీ ఆయన నల్లకోటు వెలిసి వంకాయరంగుకు తిరిగినట్టే, ఆయన ఉత్సాహం కూడా వెలిసిపోయింది. మరిది ఇచ్చిన జవాబులో మాత్రం ఒక నిజం దొర్లింది: "దారి ఉన్న మాట వాస్తవమే, దయతలచి నడవనిస్తున్నాను" అని.

తాత్కాలిక ఉత్తర్వు కోసం వేసిన అర్జీ వాయిదాల మీద వాయిదాలు పడుతుండగా కోర్టుకు ఎండాకాలం సెలవులొచ్చాయి. ఆ సెలవుల్లో మరిది మనుషుల్ని పెట్టి, దారికీ కాలవకూ అడ్డంగా నిలువెత్తు రాతిగోడ లేపేశాడు.

కోర్టు తెరవగానే మా లాయరు సవరణ పిటిషన్ వేశాడు. దావా వేసిన రోజున గోడ లేదు, ఇప్పుడుంది కనక, దాన్ని పడగొట్టించాలన్న కోరిక కూడా దావాలో చేర్చనివ్వమని. మరిది వైపు నుంచీ ఒక సవరణ పిటిషన్ పడింది. 'దారి ఉన్న మాట వాస్తవమే' అన్నది గుమాస్తా పొరపాటట, దాన్ని తీసేసి 'దారి ఎన్నడూ లేదు' అని దిద్దుకోనివ్వాలట!

రెంటికీ ఒకేరోజు తీర్పు. బడికి సెలవు పెట్టి అత్తతోపాటు వెళ్లాను. జడ్జి మునసబుగారు తలెత్తకుండా చదివారు. మరిది పిటిషన్‌కు అనుమతి. అత్త పిటిషన్ కొట్టివేత: కొత్త కోరిక చేరిస్తే దావా స్వరూపమే మారిపోతుంది, కావాలంటే ఇంకో దావా వేసుకోవచ్చు.

నేను ఇంగ్లీషు మాటల్ని చెవిలో తెలుగు చేసి చెబుతుంటే అత్త మొహం ఎర్రబడింది. దిగ్గున లేచింది.

"సామీ, ఆయప్ప సెప్పిన నిజాన్ని తుడిపేసుకోవచ్చు గానీ, నేను జరిగిన నిజాన్ని సేర్చకూడదా? ఇదేం న్యాయం సామీ?"

బంట్రోతు "కూర్చోమ్మా!" అని కసిరాడు. మునసబుగారు తర్వాతి కేసు పిలిపించారు. వెనక బెంచీ మీద మరిది కండువాతో మొహం తుడుచుకుంటున్నట్టు నవ్వు దాచుకున్నాడు. వాణ్ణి అక్కడే ఒకటి పీకాలనిపించింది. పిల్లలకు శాంతిపాఠాలు చెప్పే చేతులు నావి!

బయటికొచ్చాక మా లాయరు, "పోనీలేమ్మా, ఇంకో దావా వేద్దాం" అన్నాడు.

"ఎన్ని దావాలు వేస్తే అన్ని గోడలు కడతాడు గదప్పా! పైకోర్టుకే పోదాం పట్టు" అంది అత్త.

ఆ రెండు తీర్పుల్నీ మళ్లీ పరిశీలించమని హైకోర్టుకు రివిజన్ వెళ్లింది. అది తేలేదాకా అత్త దూరాన ఏటిచెలమ నుంచి కడవలతో నీళ్లు మోసింది. తోటంతా కడవలకు తడుస్తుందా? ముందు ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత కొమ్మలు పుల్లలయ్యాయి. తిరుపతికి బుట్ట రావడం మానేసింది. నేనే ఆదివారాలు పల్లెకు వెళ్లేదాన్ని. ఎండిన మొక్కల మధ్య కూర్చుని, ఆవలి పొలంలో మోటారు చప్పుడు వింటూ, ఆమె పళ్లు కొరుక్కునేది.

చివరికి మునసబుగారి రెండు తీర్పుల్నీ కొట్టేస్తూ హైకోర్టు ఉత్తర్వు వచ్చింది. అరుగు మీద కూర్చుని అత్తకు తెలుగులో చదివి చెప్పాను. అసలు తగువు తేల్చడానికి అవసరమైన సవరణను కాదనకూడదు. దావా నడుస్తుండగా జరిగినదానికి ఇంకో దావా వేయమనడం తగదు. ఒకసారి ఒప్పుకున్న నిజాన్ని, అవతలివారికి నష్టం కలిగేలా తుడిచేసుకోనివ్వకూడదు.

అత్త సంతోషిస్తుందనుకున్నాను.

"ఇంత సులువైన మాట ఆ పొద్దు ఆ అయ్యకు ఎందుకు తెలీలే పాపా?" అంది.

ఆ తర్వాత విచారణ జరిగింది, అత్త గెలిచింది. కోర్టు ఉత్తర్వు అమలుచేసే అమీనా వచ్చి దగ్గరుండి గోడ పడగొట్టించాడు. మరిది ఇంట్లోంచి బయటికే రాలేదు. కాలవలో నీళ్లు బురబురమంటూ వచ్చి ఎండు పుల్లల మొదళ్ల దాకా పారాయి. మళ్లీ నాటదామా అని అడిగితే, "నడుం యాడుండాది?" అని కొంగు దులుపుకుని లోపలికి పోయింది. ఆ మడిలో తర్వాత పశువుల గడ్డి వేసింది.

గోడ పడిన రోజున మా లాయరు ఓదార్పుగా ఒక సంగతి చెప్పాడు. సవరణ ఎప్పుడు చేసినా, దావా వేసిన మొదటి రోజు నుంచీ అది అందులో ఉన్నట్టే చట్టం లెక్కిస్తుందట. కాగితానికి అంత దయ దొరికింది. కానీ మా అత్త ఆ గోడ ఇవతల గడిపిన కాలాన్ని వెనక్కి జరిపి, అది లేనట్టే లెక్కించగల చట్టం ఏ కోర్టులోనూ లేదు.