శెట్టిగారి తువాలు, నా పరువు

1999 మే నెల సెలవుల్లో కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంత చూడాలని హోసూరులో ఏడు గంటల బస్సెక్కాను. కృష్ణగిరిలో ఇడ్లీ తిని, ఇంకో బస్సు మారి, పదిన్నరకు సంతలో దిగాను. అక్కడ పశువుల బేరం నోటితో జరగదు. ఇద్దరూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి అంతు చిక్కదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఒక రైతు, ఏమి కొంటావని అడిగాడు. చూడడానికే వచ్చానన్నాను.

"అట్లయితే పక్కకు జరుగప్పా, కొనేవాళ్లకు కనబడనీ" అన్నాడు.

సాయంత్రం కృష్ణగిరికి తిరిగొచ్చి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది ఎనభై రూపాయలు. వేడినీళ్లు, తువాలు వాళ్లవే. స్నానం చేసి తువాలు వరండా కమ్మీ మీద ఆరేశాను.

పొద్దున ఆరున్నరకు తాళం ఇవ్వబోతే యజమాని శెట్టిగారు తువాలు ఏదన్నారు. కమ్మీ మీద లేదు. నా సంచి బల్ల మీద బోర్లించారు. టీ తాగుతున్న నలుగురు నా లుంగీనీ పళ్లపొడినీ చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. బడిలో పిల్లలకు బుద్ధులు చెప్పేవాణ్ని, కోపమూ ముంచుకొచ్చింది.

"చదివినోని మాదిరి ఉండావు. యాడ పెట్టినావో చెప్పేసి పో" అన్నారు శెట్టిగారు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను పళ్లు తోముకుంటుండగా ఆయన ఒక మామిడికాయల దళారితో వరండాలో కూర్చుని, అచ్చం సంతలో మాదిరే చేతులు కలిపారు.

"శెట్టిగారూ, ఇందాక బేరమాడినారే, చేతుల మీద కప్పిన తువాలు యాడిది?" అన్నాను.

ఆయన ఖాళీ కమ్మీ వైపు చూసి నాలుక కరుచుకున్నారు. చేతికందిందని కమ్మీ మీద నేను ఆరేసిన తువాలే లాగి కప్పారట. బేరం కుదరగానే దళారి అలవాటుకొద్దీ దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయాడట. టీ తాగేవాళ్లు నవ్వారు. నేను మాత్రం నవ్వకుండా సంచి సర్దుకుని బస్టాండుకు నడిచాను.

ఏడున్నరకు హోసూరు బస్సు కదలబోతుండగా శెట్టిగారు రొప్పుతూ ఎక్కారు. మామిడికాయల మండీ దాకా పోయి తెచ్చిన తువాలు ఆయన భుజాన ఉంది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలట. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి బస్సంతా వినేలా చెప్పారు.

"ఈయప్ప దొంగ కాడు. తప్పు నాది."

చేతులు జోడించి దిగిపోయారు. నా కోపం కరిగిపోయింది. పెద్దమనిషి అంటే అలా ఉండాలి. కృష్ణగిరి వెళ్లేవాళ్లు ఆ లాడ్జిలో నిశ్చింతగా దిగవచ్చు.

అయితే అంతదాకా ఆ బస్సులో నన్ను దొంగ అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. బస్సు కదిలింది. పక్క సీటులోని ఆవిడ తన కాళ్ల దగ్గరి సంచిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. హోసూరు దాకా దించలేదు.